చెప్పొద్దు, చూపెట్టు

23 ఆగస్టు 98, ఆదివారం

మామగారి తుపాకీ ఈయన తన పేరు మీదకి మార్పించుకుంటారట.

పొద్దున్న కాఫీ తాగుతూ చెప్పారు, రేపట్నుంచి పాలు అరలీటరు చాలని పాలవాడికి చెప్పినంత మామూలుగా. మామగారు పోయినప్పట్నుంచీ అది జంగారెడ్డిగూడెం పోలీస్ స్టేషన్‌లో పడి ఉంది. మొక్కజొన్న చేల మీద పడే అడవి పందుల కోసం ఆయన లైసెన్సు తీసుకున్నారు. ఆయన వేటాడి తెచ్చిన పందిని చూసి చిన్నప్పుడు మూడు రోజులు జ్వరం తెచ్చుకున్న కొడుకు ఈయన. ఇప్పటికీ బొద్దింకని కొట్టమంటే కాగితం మీద ఎక్కించుకుని గుమ్మం బయట వదిలి వస్తారు. ఈయనకి తుపాకీ ఎందుకు?

అదే అడిగాను. మాదాపూర్‌లో ఆ గుండ్రటి భవనం కడుతున్నారు కదా, దాని చుట్టూ కంపెనీలు లేస్తున్నాయి కదా, అక్కడ సొంత తుపాకీ ఉన్నవాళ్లని గన్‌మన్‌గా తీసుకుంటున్నారట. "ఎన్నాళ్లని ఖాళీగా కూర్చోను సుబ్బులూ?" అన్నారు.

ఫ్యాక్టరీ మూతపడి ఏడాది దాటింది. పందొమ్మిదేళ్లు సూపర్‌వైజరుగా చేసిన మనిషి గేటు దగ్గర తుపాకీ పట్టుకుని నిలబడతారట. తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నాడట వెనకటికెవడో. అలా ఉంది.

పేరు మార్చాలంటే తుపాకీ పట్టడం నేర్చుకున్నట్టు ఎవరైనా కాగితం ఇవ్వాలన్నారట లైసెన్సుల ఆఫీసులో. ఖాజాగూడ రాళ్ల దగ్గర ఒక రైఫిల్ క్లబ్ ఉందట. ఆదివారాలు నేర్పుతారట. ప్రమాదం లేకుండా తుపాకీ వాడటం ఎలాగో చెప్పే సేఫ్టీ కోర్సు.

"నేనూ వస్తాను," అన్నాను.

"నీకెందుకే?"

"ఇంట్లో ఉండబోయే వస్తువు. దాని సంగతి ఇంటిదానికి తెలియొద్దా?"

ఊరికే అన్నాను. నిజంగా ఊరికే.

25 ఆగస్టు, మంగళవారం

ఉప్మాలో ఉప్పు రెండుసార్లు వేశాను. రసజ్ఞ ఒక్క స్పూను నోట్లో పెట్టుకుని, నా ముఖం చూసి, ఏమీ అనకుండా కాలేజీకి వెళ్లిపోయింది. ఇంటర్ చదివే పిల్ల, ఆకలికి ఆగదు. పాపం అనిపించింది. ఆ పాపం కోపంగా మారి ఈయన మీద పడింది.

6 సెప్టెంబర్, ఆదివారం

మొదటి క్లాసు. స్కూటరు మీద కొండాపూర్, గచ్చిబౌలి మీదుగా వెళ్లాం. ఖాజాగూడ ఊరు దాటాక పెద్ద పెద్ద బండరాళ్లు, ఒక పాత క్వారీ గుంట. దాన్నే చదును చేసి, చివర మట్టికట్ట పోసి క్లబ్ అంటున్నారు. ఒక రేకుల షెడ్డు.

నేర్పేది రాజయ్య. సైన్యంలో హవల్దారుగా చేసి రిటైరయ్యాడు. మీసానికి నల్లరంగు వేస్తాడు, చెవుల దగ్గర జుట్టు మాత్రం మర్చిపోతాడు. కశ్మీర్‌లో కొన్నానని ఒక ఫ్లాస్కు అందరికీ చూపిస్తాడు. అందులో టీ పొద్దున పోస్తే సాయంత్రానికి కూడా నాలుక కాలుతుందట.

"అమ్మ ఊకెనే చూడనీకి వచ్చిందా సార్?" అని ఈయన్ని అడిగాడు.

"నేర్చుకోవడానికండి," అని నేనే చెప్పాను.

"ఇప్పటిదాంక ఈడికి ఆడోళ్లు రాలే. మంచిదే. మొగోళ్లు విన్నట్టు తల ఊపుతరు, ఆడోళ్లు వింటరు."

ఇవాళ తుపాకీ ముట్టనివ్వలేదు. రాతి మీద కూర్చోబెట్టి సూత్రాలు చెప్పాడు. తుపాకీ ఎప్పుడూ నిండే ఉందనుకోవాలి. దాని మూతి మనిషి వైపు తిరగకూడదు. కాల్చే క్షణం దాకా వేలు మీట మీదకి పోకూడదు.

"వేట బందయి శాన ఏండ్లాయె గని, నేర్పేటిది అదే పాత పాఠం," అన్నాడు. "అడవిల కంచె దాటాలంటే ముందు తుపాకీ నడుమల విరిచి తెరవాలె, తూటాలు తియ్యాలె, కింద పెట్టాలె, గప్పుడు దాటాలె. వేటల సచ్చినోళ్లను పులి తినలే సార్. కంచె కాడ సచ్చిండ్రు, తమ తుపాకీతోనే."

ఈయన తల వంచుకుని వింటూ కూర్చున్నారు. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. స్కూల్లో కూడా ఇలాగే ఉండేవారేమో.

9 సెప్టెంబర్, బుధవారం

మనిషి దారిలో పడ్డట్టే ఉన్నారు. ఏడాదిగా మంచం దిగమంటే దిగని మనిషి, నిన్న రసజ్ఞని పిలిచి గ్యాసు బండ మార్చడం నేర్పారు. వాషర్ ఎక్కడ చూడాలి, సబ్బు నురగ పెట్టి ఎలా పరీక్షించాలి, అన్నీ. ఇవాళ నాకు ఫ్యూజు వైరు వెయ్యడం నేర్పారు. స్కూటరు నా పేరు మీదకి మార్పిస్తారట. బీరువాలో కాగితాలన్నీ దారంతో కట్టి, ఏది ఏదో చీటీలు అంటించారు.

ఇన్నేళ్ల కాపురంలో ఇంత పద్ధతి నేను చూడలేదు. తుపాకీ క్లాసు మహిమ అయితే ఇంకో రెండేళ్లు పంపిస్తాను.

గడ్డం ఒక్కటే గీసుకోరు. షేవింగ్ డబ్బా మీద దుమ్ము పేరుకుంది. నాలుగు రోజులుగా పోరుతున్నాను. సరేలే, అన్నీ ఒకేసారి మారవు.

13 సెప్టెంబర్, ఆదివారం

కాల్చాను.

రెండు గొట్టాల తుపాకీ. మధ్యలో విరిస్తే గొట్టాల వెనక భాగం తెరుచుకుంటుంది. ఎర్రటి తూటా ఒకటి అందులో పెట్టి మూయాలి. భుజానికి గట్టిగా ఆనించకపోతే గాడిద తన్నినట్టు తంతుంది. తన్నింది. కానీ మట్టికట్ట మీద పెట్టిన డాల్డా డబ్బా ఎగిరిపడింది.

"శబాష్," అన్నాడు రాజయ్య. "అమ్మా, నువ్వు ఇన్నేండ్లు యాడున్నవ్?"

"నాంపల్లి ఆఫీసులో ఫైళ్ల మధ్యన," అన్నాను.

ఈయన ఎన్నిసార్లు కాల్చినా ఒక్కటీ తగల్లేదు. కళ్లు మూసుకుని కాలుస్తారు. రాజయ్య రెండుసార్లు చెప్పి వదిలేశాడు. వచ్చేటప్పుడు స్కూటరు మీద, "నువ్వు బాగా కాల్చావే. నువ్వు ఎక్కడైనా నెగ్గుకొస్తావు," అన్నారు. పొగిడితే పొంగిపోతాను, అదో జబ్బు నాకు. ఇంటిదాకా నవ్వుకుంటూనే వచ్చాను.

14 సెప్టెంబర్, సోమవారం

భుజం లేవడం లేదు. ఆఫీసులో అటెండరు నీలమ్మ టీ గ్లాసు తెచ్చి చేతికే అందించింది. "ఏంది మేడం, సారు కొట్టిండా?" అంది గుసగుసగా. తుపాకీ కాల్చానన్నాను. "చెప్పుకోవడానికి సిగ్గయితే ఊకోండ్రి గని, గిట్ల అబద్ధాలెందుకు?" అని వెళ్లిపోయింది.

22 సెప్టెంబర్, మంగళవారం

నిన్న సాయంత్రం నేను వచ్చేసరికి పైన ట్యాంకు నిండి, మెట్ల మీదుగా నీళ్లు వీధిలోకి పారుతున్నాయి. మోటరు స్విచ్చి పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నారు. వినపడలేదట. ఒళ్లు మండి, "ఇలాగే ఉంటే మిమ్మల్ని ఎర్రగడ్డలో చేర్పించాలి," అనేశాను. ఈ ఊళ్లో అందరూ అనే మాటే. పలక పట్టుకునే పిల్లలు కూడా ఒకళ్లనొకళ్లు అనుకుంటారు. ఈయన నవ్వారు.

ఇవాళ బస్సు ఎర్రగడ్డలో ఆ పిచ్చాసుపత్రి గేటు ఎదురుగా చాలాసేపు ఆగిపోయింది, ఏదో లారీ అడ్డం పడి. నేను అటు చూడలేదు. రోజూ ఆ దారినే పోతాను, రోజూ చూడను.

27 సెప్టెంబర్, ఆదివారం

రాయాలని లేదు. అయినా రాస్తాను.

ఈయన వంతు. రెండు గొట్టాల్లోనూ తూటాలు పెట్టారు. ఒకటి కాల్చారు. రెండోది కాల్చలేదు, తుపాకీ దించేశారు. నేను వెనక రాయి మీద కూర్చుని చూస్తూనే ఉన్నాను, కానీ ఒక చప్పుడా రెండు చప్పుళ్లా అనేది నేనూ పట్టించుకోలేదు. రాజయ్య ఫ్లాస్కులోంచి టీ పోసుకుంటున్నాడు. తలెత్తకుండానే అడిగాడు:

"ఖాళీయేనా సార్?"

ఈయన దూరంగా రాళ్లవైపు చూస్తున్నారు. "ఖాళీయేనండి," అన్నారు. "ఏడాది నుంచీ ఖాళీయే. నాకేం పనుంది?"

తుపాకీని అడిగితే ఈయన తన సంగతి చెప్పారు. రాజయ్య నవ్వాడు. నేనూ నవ్వాను. "గట్లనకండ్రి సార్," అంటూ అతను తుపాకీ అందుకోవడానికి చెయ్యి చాపాడు. ఈయన ఇవ్వబోయారు. మూతి కిందికి ఉంది. వేలు ఎక్కడ ఉందో.

పేలింది.

ఈయన పాదానికీ రాజయ్య పాదానికీ మధ్య నేల లేచిపోయింది. కశ్మీర్ ఫ్లాస్కు తునకలైపోయింది. చెవుల్లో గుయ్యిమనే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. నేను పరిగెత్తుకెళ్లి ఈయన కాళ్లు పట్టుకుని తడిమాను, పిల్లవాడు పడిపోతే తడిమినట్టు. ఏమీ కాలేదు. ప్యాంటుకి టీ మరకలు, అంతే.

రాజయ్య అరుస్తాడనుకున్నాను. అరవలేదు. వంగి ఆ గాజు ముక్కలు ఏరుతూ, "తప్పు నాది," అన్నాడు. "కండ్లతోని చూడాల్సింది, చెవులతోని విన్న. మాట నమ్మిన."

ఈయన ముఖం సున్నం కొట్టినట్టుంది.

28 సెప్టెంబర్, సోమవారం

ఎడమ గొట్టంలో తూటా ఉన్న సంగతి మర్చిపోయారట.

మర్చిపోయారు. ఎవరైనా మర్చిపోతారు. నేను మాత్రం తాళం ఇంట్లో మర్చిపోయి తలుపు లాగెయ్యలేదా? ఉప్మాలో ఉప్పు వేసిన సంగతి మర్చిపోలేదా?

మర్చిపోయారు.

1 అక్టోబర్, గురువారం. దసరా

స్కూటరుకి, కుట్టుమిషనుకి, కత్తిపీటకి బొట్లు పెట్టాం. "వచ్చే ఏడు నాన్న తుపాకీకి కూడా," అంది రసజ్ఞ.

"వచ్చే ఏడు సంగతి వచ్చే ఏడు," అన్నారు ఈయన.

ఫ్యాక్టరీలో పదిహేనేళ్లయినప్పుడు ఇచ్చిన చేతిగడియారం తీసి రసజ్ఞ చేతికి కట్టారు. దాని చేతికి వదులు. గాజులా జారిపోతోంది. "మరి మీకో?" అని అడిగితే, "ఖాళీగా ఉండేవాడికి టైముతో పనేంటి?" అన్నారు.

పూర్ణాలు బాగా కుదిరాయి. ఒక్కటి తిన్నారు.

4 అక్టోబర్, ఆదివారం

వెళ్లొద్దన్నాను. వెళ్లాల్సిందేనన్నారు. వెళ్లాం.

రాజయ్య కొత్త రూలు పెట్టాడు. "ఇయ్యాల్టి సంది ఈడ 'ఖాళీ' అన్న మాట బంద్. ఎవ్వరన్నా అన్నరో, ఇంటికి పంపిస్త. నేను అడగ, మీరు చెప్పొద్దు. చూపెట్టాలె." తుపాకీ విరిచి, రెండు గొట్టాలూ ఎదుటివాళ్లకి చూపించాలి. ఎదుటివాళ్లు చూసి ఊరుకోకూడదు, చిటికెన వేలు లోపలికి పెట్టి తడమాలి. అప్పుడే చేతులు మారాలి. అరవైసార్లు చేయించి ఉంటాడు. నా వేలికి నల్లటి మసి అంటుకుని ఇప్పటికీ పోలేదు.

"చెప్పొద్దు, చూపెట్టు" రసజ్ఞకి తెగ నచ్చేసింది. సాయంత్రం నుంచీ ఇంట్లో ఇదే ఆట. "అమ్మా, పంచదార డబ్బా ఖాళీయా?" "చెప్పను, చూపెడతా." "పాలగిన్నె?" "చూపెట్టు." ఈయన కూడా నవ్వారు. ఆ నవ్వు చూసి నాకు ఏడుపొచ్చింది. ఎందుకో తెలీదు.

12 అక్టోబర్, సోమవారం

ఈయన ఇవాళ మాదాపూర్ వెళ్లి సెక్యూరిటీ వాళ్లని కలిసి వచ్చారు. తుపాకీ రాగానే చేరమన్నారట. మంచివాళ్లట. ఆ గుండ్రటి భవనం దగ్గరే డ్యూటీ పడొచ్చట.

నేను బూట్లు గుమ్మం దగ్గర పక్కకి పెట్టాను. శుభ్రంగా ఉన్నాయి. అక్కడ రోడ్డు వేసేసినట్టున్నారు.

13 అక్టోబర్, మంగళవారం

నీలమ్మ మొగుడు ఆ భవనానికే ఇసుక లారీ తోలతాడు. మాదాపూర్‌లో రోడ్డు బాగుందటగా అన్నాను. "రోడ్డా?" అంది. "నిన్నటి వానకు మోకాల్లోతు బురద. మా ఆయన లారీ మునిగి తెల్లారిందాంక ఆడనే ఉండె మేడం."

వేరే దారి ఉండొచ్చు. కొండాపూర్ వైపు నుంచి. అడగాలి. అడగను.

19 అక్టోబర్, సోమవారం. దీపావళి

రసజ్ఞ కాకరపువ్వొత్తులు వెలిగిస్తుంటే ఈయన మెట్ల మీద కూర్చుని చూశారు. అందరూ వెలుగుని చూస్తారు. ఈయన పిల్ల ముఖం చూస్తూ కూర్చున్నారు, అయిపోయేదాకా.

కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతున్నాను. వంటింట్లోకి వెళ్తాను, ఎందుకొచ్చానో తెలీదు. గదిలోకి వస్తాను, ఇక్కడెందుకో తెలీదు. మనసు మనసులో లేదు.

21 అక్టోబర్, బుధవారం

జంగారెడ్డిగూడెం నుంచి కబురు వచ్చింది. అన్నీ సిద్ధం. రాజయ్య ఇచ్చే కాగితం ఒక్కటి చూపిస్తే తుపాకీ చేతికిస్తారు. కోర్సు ఈ ఆదివారంతో అయిపోతుంది. ఆ రాత్రికే ఈయన బస్సుకి టికెట్ చేయించుకున్నారు.

పోవడానికి చేయించుకున్నారు. రావడానికి చేయించుకోలేదు. "దొరుకుతుందిలే," అన్నారు. సినిమాకి వెళ్తే ఇంటర్వెల్‌లోనే ఆటో మాట్లాడి పెట్టే మనిషి.

22 అక్టోబర్, గురువారం

వచ్చేటప్పటి టికెట్ లేదు.

23 అక్టోబర్, శుక్రవారం

ఆఫీసుకని బయలుదేరి ఖాజాగూడ వెళ్లాను. రాజయ్య షెడ్డు ముందు కూర్చుని తుపాకీ గొట్టంలో నూనెగుడ్డ తిప్పుతున్నాడు. నన్ను చూసి లేచాడు.

"మా ఆయనకి కాగితం ఇవ్వకండి," అన్నాను.

"ఎందుకమ్మా?"

"ఊరికే."

అతను గుడ్డ పక్కన పెట్టాడు. "ఊకెనే అని ఎవ్వరు ఇంత దూరం రారమ్మా."

అంతే, నాకు దుఃఖం ఆగలేదు. ఏమీ కాని పరాయి మనిషి ముందు, ఆ రాళ్ల మధ్య, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. గ్యాసు బండ, స్కూటరు, చేతిగడియారం, బూట్లు, టికెట్, అన్నీ చెప్పాను. ఒక్కొక్కటీ పైకి చెబుతుంటే, ఇన్నాళ్లూ ఇవన్నీ విడివిడిగా ఎలా పెట్టుకోగలిగానా అనిపించింది. పూసలన్నీ నా దగ్గరే ఉన్నాయి. గుచ్చితే దండవుతుందని భయపడి గుచ్చలేదు.

అతను మీసం సర్దుకున్నాడు. అటూ ఇటూ చూశాడు. "పోయిన ఐతారం ఒక తూటా తక్కువొచ్చింది," అన్నాడు చివరికి. "నా లెక్కనే తప్పిందనుకున్న. కాలిన తూటాల కాతాల రాసేసిన. మల్ల తప్పు నాదే అయింది."

కొంగుతో ముఖం తుడుచుకున్నాను.

"కాగితం నేను ఇయ్య. కండ్ల పరీక్ష కావాలె, పై నుంచి ఆర్డరొచ్చింది అని చెప్త. గని అమ్మా, గది ఇంకెన్నొద్దులు ఆగుతది? నాకు ఇసొంటి మాటలు చెప్పరాదు. తుపాకీ గురించే తెలుసు నాకు. ఆయన్నే అడుగు. ఒట్టిగ అడగకు, జర చూడు."

ఇంటికి వచ్చి, ఈయన పాలకి వెళ్లినప్పుడు చొక్కాలు, ప్యాంట్లు, బీరువా, పరుపు కింద, స్కూటరు డిక్కీ, అన్నీ వెతికాను. దొరకలేదు.

25 అక్టోబర్, ఆదివారం

మధ్యాహ్నం క్లబ్‌కి వెళ్లాలి. రసజ్ఞ పొద్దున్నే ట్యూషన్‌కి వెళ్లింది. నేను అన్నం వార్చి, చేతులు తుడుచుకుని వరండాలోకి వచ్చాను. ఈయన కుర్చీలో కూర్చుని ఉన్నారు. నేను ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"ఏం చేస్తున్నారు?"

"ఏముంది. ఖాళీ."

"చెప్పొద్దు," అన్నాను. "చూపెట్టండి."

ఆట అనుకున్నారు. నవ్వి, రెండు జేబులూ బయటికి లాగి చూపించారు. చిల్లర, బస్సు టికెట్, రుమాలు.

"జేబులు కాదు."

నవ్వు ఆగింది.

"ఆ తుపాకీ మీకెందుకు?"

"చెప్పాను కదే. గన్‌మన్..."

"మాదాపూర్‌లో ఆ రోజు మోకాల్లోతు బురద. మీ బూట్లకి మట్టి లేదు."

అప్పుడు అడిగేశాను. ఇన్నాళ్లూ ఆ మాట అడిగితే లేని ఆలోచన నేనే పుట్టించినదాన్నవుతానని భయం. దేవుడి గదిలో కూడా మనసులో అనుకోలేదు ఆ మాట. "చచ్చిపోదామనుకుంటున్నారా?" అన్నాను.

రైల్వే స్టేషన్ వైపు నుంచి రైలు కూత వేసింది. అది పోయేదాకా ఆగారు.

"ఖాళీ కాదు సుబ్బులూ," అన్నారు.

లేచి లోపలికి వెళ్లారు. నేనూ వెనకే వెళ్లాను. అలమారలోంచి షేవింగ్ డబ్బా తీశారు. ఎన్ని రోజులు పోరానో ఆ డబ్బా తీయమని. మూత తీసి, బ్రష్షు కింద రుమాలు ముక్కలో చుట్టి పెట్టిన ఎర్రటి తూటా తీసి నా అరచేతిలో పెట్టారు. డబ్బా నా వైపు వంచి పట్టుకున్నారు. నేను వేలు పెట్టి అడుగు దాకా తడిమాను. ఇంకేమీ లేదు.

"ఆ రోజు ఎడమ గొట్టంలోది మర్చిపోయారా?"

"తెలీదు. నిజంగా తెలీదే. పేలాక మాత్రం భయం వేసింది. భయపడ్డందుకు సిగ్గేసింది." మంచం మీద కూలబడ్డారు. "పొద్దున్న మెలకువ వస్తే ఎందుకు లెయ్యాలో తెలియడం లేదు. మీ ఇద్దరికీ బరువు. అంతా సర్దిపెట్టాను. ఇక మీకు ఇబ్బంది ఉండదనుకున్నాను."

నాకు జాలి రావాలి. కోపం వచ్చింది. "మీరు పిల్లకి గ్యాసు బండ మార్చడం నేర్పుతుంటే మురిసిపోయాను నేను, దద్దమ్మలా. ఫ్యూజు వెయ్యడం నేర్చుకుంటే మీరు లేని ఇబ్బంది తీరుతుందా? నాకు ఫ్యూజు వెయ్యడం రాకపోయినా పర్వాలేదు. చీకట్లో కూర్చుంటాను. మీరు పక్కన ఉండండి చాలు." ఇంకా ఏమేమో తిట్టాను. తిడుతూనే ఈయన తల నా భుజానికేసుకున్నాను. తుపాకీ తన్నిన భుజమే, ఇంకా సలుపుతోంది. ఈయన గట్టిగా ఏడ్చారు. వాళ్ల నాన్న పోయినప్పుడు కూడా ఏడవలేదు.

బస్సు టికెట్ నేనే చింపాను. చూస్తూ ఊరుకున్నారు.

26 అక్టోబర్, సోమవారం

సెలవు పెట్టాను. ఈయన్ని ఒంటరిగా వదలను, కాబట్టి ఇద్దరం కలిసే రాజయ్య దగ్గరికి వెళ్లాం. తూటా ఇచ్చేశాను. తుపాకీ మాకు వద్దని, అక్కడే ఉంచేసుకోమని జంగారెడ్డిగూడెం పోలీస్ స్టేషన్‌కి రాసి, ఈయన చేతే సంతకం పెట్టించి దారిలో పోస్టు చేశాను.

"మీ ఫ్లాస్కు పాడుచేశానండి," అన్నారు ఈయన.

"కొత్తది కొన్న సార్. వేడి ఆగుతలేదు," అన్నాడు రాజయ్య. ముగ్గురం ఆ చల్లారిన టీయే తాగాం.

రసజ్ఞకి సగం చెప్పాను. మిగతా సగం దానికి ముందే తెలుసునట. గడియారం కట్టినప్పట్నుంచీ నిద్ర పోవడం లేదట పిల్ల. ఒకే ఇంట్లో ముగ్గురం, ఎవరికి వాళ్లం మూతలు పెట్టుకుని కూర్చున్నాం.

27 అక్టోబర్, మంగళవారం

పొద్దున్న ఈయన గడ్డం గీసుకున్నారు. నేను బాత్రూమ్ గుమ్మంలో నిలబడే ఉన్నాను. "కాపలా ఎందుకే?" అన్నారు. "ఊరికే కాదు," అన్నాను. చెంప మీద ఒకచోట తెగింది, పటిక రాశాను.

బస్సు కిక్కిరిసి ఉంది. నేను రోజూ ఎక్కే బస్సే, కండక్టరుకి నా ముఖం తెలుసు. "నాంపల్లేనా మేడం?" అన్నాడు టికెట్ చింపబోతూ.

"కాదు. ఎర్రగడ్డ, రెండు."

"ఎర్రగడ్డల యాడ దిగుతరు?"

ఈయన నా మోచెయ్యి పట్టుకున్నారు. మెల్లిగా చెప్పమని. ఏడాదిగా మెల్లిగానే చెప్పుకుంటున్నాం అన్నీ.

"పిచ్చాసుపత్రి గేటు దగ్గర ఆపండి," అన్నాను, వెనక సీటు దాకా వినపడేలా.

ముందు నలుగురైదుగురు తిరిగి చూశారు. మా పక్క సీట్లో కూర్చున్న ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, లేచి, సర్దుకుంటూ ముందుకి వెళ్లిపోయారు. ఈయన ఆ సీటు వంక చూశారు. నా వంక చూశారు. చాలా రోజుల తర్వాత ఆ పెదవి కాస్త వంకర తిరిగింది.

"ఖాళీయే. కూర్చో," అన్నారు.

నేను సీటంతా చేత్తో తడిమి చూసి, అప్పుడు కూర్చున్నాను.